వీధిని చదవడం – 3వ పాఠం: మలుపు దగ్గరి దుమ్ము

పోయిన పాఠంలో ఫుట్‌పాత్‌లు కొలిచాం. నడిచే మనిషికి అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు చెబుతాయి. శ్రీకాకుళంలో మీ టేపు ఎక్కడెక్కడ ఆగిపోయిందో మీ నోట్సులోనే ఉంటుంది. ఈసారి టేపుతో పాటు గిన్నెడు ముగ్గు కూడా తీసుకోండి.

వాన వెలిసిన రెండు మూడు రోజులకి, రోడ్డు ఊడవకముందే, మీ సందు పెద్దరోడ్డులో కలిసే మలుపు దగ్గరికి తెల్లవారుజామున వెళ్లండి. బళ్లు వస్తున్నాయేమో చూడ్డానికి ఇంకొకరు తోడుండాలి. చక్రాలు తిరిగే మేర తారు నల్లగా, నున్నగా ఉంటుంది. మూలన మాత్రం ఇసుక, ఎండుటాకులు, చిరిగిన పొట్లాలు పేరుకుని ఉంటాయి. అంటే అక్కడిదాకా చక్రం రావడం లేదు. తారు వేశారే గానీ ఆ ముక్కతో బళ్లకి పనిలేదు. ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది ముంజెలమ్మేవాళ్లు. వేసవిలో వాళ్ల తోపుడుబండి నిలబడేది సరిగ్గా ఆ దుమ్ము మీదే.

నలుపు ఆగి దుమ్ము మొదలయ్యే అంచు వెంట ముగ్గు పోయండి.

నేను మొదటిసారి పోస్తుంటే టీకొట్టాయన “ఏటి బాబూ, రోడ్డు మీద ముగ్గెట్టేస్తన్నావు?” అని అడిగాడు. సంగతి చెప్పాను. “స్కూలు బస్సు రానీ, అప్పుడు చూద్దువు” అన్నాడు. ఏడున్నరకి వచ్చింది బస్సు. దాని వెనక చక్రం నా గీత దాటి మూరెడు లోపలికి వచ్చిపోయింది.

పొడుగు బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, మూలకి దగ్గరగా కోసుకుంటూ పోతాయి. మలుపులో బస్సు పక్కన సైకిలు పెట్టొద్దనేది అందుకే. ముందు భాగం దాటిపోయిందిలే అనుకునేలోపే వెనక జాగా మూసుకుపోతుంది. కాబట్టి గీతలు రెండు కావాలి. ఒకటి రోజంతా తిరిగే ఆటోలది, బైకులది. ఇంకొకటి రోజుకి ఒకటి రెండుసార్లు వచ్చే బస్సుది. రెండింటి మధ్య జాగాలో చక్రం ఎక్కగలిగేంత ఎత్తులో గరుకు రాళ్లు పరవొచ్చు. బస్సు నెమ్మదిగా ఎక్కి దిగుతుంది, కారు ఆ గతుకుకి జడిసి వెలుపల్నించి తిరుగుతుంది. బస్సు గీతకి కూడా ఇవతల మిగిలింది నడిచేవాళ్లది, అక్కడిదాకా ఫుట్‌పాత్ అంచుని ముందుకి జరిపి మూల బిగించొచ్చు.

దీంతో ఎంత కలిసొస్తుందో లెక్క చూడండి. సందు వెడల్పు 6 మీటర్లనుకుందాం. రెండు మూలలూ 9 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉంటే, పెద్దరోడ్డు అంచు నుంచి ఒక మీటరు సందులోకి జరిగి, సందుని దాటే మనిషి దాదాపు 15.8 మీటర్లు నడవాలి. వ్యాసార్ధం 3 మీటర్లకి తగ్గిస్తే అదే చోట ఏడున్నర మీటర్లు చాలు. సిగ్నళ్ల లెక్కలో మామూలుగా తీసుకునే నడక సెకనుకి 1.2 మీటర్లు. ఆ లెక్కన 13 సెకన్లు కాస్తా 6 సెకన్ల పైచిలుకు అవుతుంది. ఆదివారం అరసవిల్లి దర్శనానికి బయల్దేరిన ముసలమ్మ నడకైతే 0.8 అనుకుని మీరే వేయండి. నాకు 20, 9 వచ్చాయి. పైగా మూల బిగిస్తే బండి బ్రేకు వేయక తిరగలేదు. 40లో వచ్చే బండి 20కి తగ్గిందంటే దాని గుద్దుడు శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది.

కాలువ సంగతి మరిచిపోకండి. కొత్త అంచుని పాత గట్టుకి ఆనించి కట్టేస్తే అక్టోబరు వాయుగుండానికి సందు చెరువవుతుంది, ఆ మర్నాడే జనం గునపంతో పగలగొడతారు. రెండింటి మధ్య నీళ్లు పోయే దారి వదిలి పైన జల్లెడ మూత వేయాలి. మూత కంతలు సైకిలు నడిచే దిక్కుకి అడ్డంగా ఉండాలి. నిలువుగా ఉన్నాయంటే సన్న చక్రం అందులో దిగబడుతుంది.

ఈ వారం ఒక్క మలుపు చాలు. ఏడు రోడ్ల కూడలి జోలికి ఇప్పుడే పోకండి, అక్కడ దుమ్ముకే నిలవడానికి చోటుండదు. గీతలు రెండూ పడ్డాక ఎదురు మేడ మీంచి ఫొటో తీసుకోండి. పదింటికల్లా ముగ్గు చెరిగిపోతుంది. ఆ ఫొటో మీదే వచ్చే పాఠంలో జీబ్రా గీతలు ఎక్కడ పడాలో చూద్దాం.