బ్రాంచీల ఫోన్లు ఒకటిగా కలిపాక వచ్చే చిక్కులు: సమస్య, కారణం, పరిష్కారం

హైదరాబాద్‌లో హెడ్డాఫీసు. విజయవాడలో, విశాఖపట్నంలో బ్రాంచీలు. మూడు చోట్లా ఒక్కో ఐపీ పీబీఎక్స్, అంటే ఆఫీసు ఫోన్లను నెట్‌వర్క్ మీద నడిపే ఎక్స్ఛేంజీ. వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుల మధ్య వేసే ప్రైవేట్ దారి) మీద సిప్ ట్రంకులు (కాల్‌ను కలిపే సిప్ పద్ధతిలో పీబీఎక్స్‌ల మధ్య వేసే లైన్లు) వేసి మూడింటినీ కలిపితే, ఏ సీటు నుంచైనా ఏ ఊరికైనా నాలుగంకెలు నొక్కి మాట్లాడొచ్చు. అలాంటి సెటప్‌లో వచ్చే సమస్యలు ఇవి. సెట్టింగుల పేర్లు ఫ్రీపీబీఎక్స్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌వి. వేరే సిస్టమ్ వాడేవాళ్లకు పేర్లు మారతాయి గానీ కారణాలు ఇవే.

సమస్య: విజయవాడ 201కి చేస్తే మన పక్క సీటే మోగుతోంది

కలపకముందు ప్రతి బ్రాంచీలోనూ ఎవరికి వాళ్లు 201 నుంచి ఎక్స్‌టెన్షన్లు ఇచ్చుకుని ఉంటారు. పీబీఎక్స్ ముందు తన దగ్గరున్న నంబర్లే చూసుకుంటుంది కాబట్టి కాల్ గుమ్మం దాటదు. చాలామంది "ముందు 8 నొక్కి 201 నొక్కండి" అని సరిపెడతారు. అది నిలవదు. విజయవాడ నుంచి వచ్చిన మిస్డ్ కాల్ ఫోన్ మీద 201 అనే కనిపిస్తుంది, తిరిగి చేస్తే మళ్లీ పక్క సీటుకే పోతుంది.

నేను చేసే పద్ధతి ఇది. ఊరి ఎస్టీడీ కోడ్‌లో చివరి రెండంకెలనే బ్రాంచ్ కోడ్‌గా తీసుకుంటాను. హైదరాబాద్ 040 కాబట్టి 40, విజయవాడ 0866 కాబట్టి 66, విశాఖ 0891 కాబట్టి 91. విజయవాడ క్యాషియర్ 6612 అవుతారు. రేపు వరంగల్‌లో ఆఫీసు తెరిస్తే 70, తిరుపతిలో తెరిస్తే 77. ఎవరూ కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సింది లేదు. అవుట్‌బౌండ్ రూట్‌లో (ఏ నంబర్ ఏ ట్రంక్ మీద పోవాలో చెప్పే చోట) 66ఎక్స్‌ఎక్స్ అని ఒక్క ప్యాటర్న్ రాస్తే (ఎక్స్ అంటే ఏ అంకైనా) ఆ బ్రాంచ్ పని అయిపోయినట్టే.

బయటి లైన్‌కి మాత్రం 0నే ఉంచండి. 9 పెడితే విశాఖ 91తో గొడవ వస్తుంది. నొక్కినది ఎక్స్‌టెన్షనా, బయటి నంబరా అని తేల్చుకోవడానికి సిస్టమ్ ఇంకో అంకె కోసం ఎదురుచూస్తుంది. "నొక్కాక కాసేపు ఏమీ వినపడటం లేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

సమస్య: 108 నొక్కితే అకౌంట్స్ వాళ్లు ఎత్తారు

దీన్ని మిగతా అన్నిటికంటే ముందు సరిచేయండి. 100, 101, 102, 108, 112 నంబర్లను ఎవరికీ ఎక్స్‌టెన్షన్లుగా ఇవ్వకూడదు. ముందు 0 నొక్కకపోయినా అవి బయటకు వెళ్లాలి, అదీ ఆ ఊరి లైన్ నుంచే వెళ్లాలి. బయటి కాల్స్ అన్నీ హెడ్డాఫీసు పీఆర్ఐ (టెలిఫోన్ కంపెనీ ఇచ్చే డిజిటల్ లైన్) మీదుగా పోయేలా పెట్టి ఉంటే, విజయవాడలో ఎవరైనా కుప్పకూలినప్పుడు చేసిన 108 కాల్ తెలంగాణ కాల్ సెంటర్‌కు చేరుతుంది. ఆ క్షణంలో చిరునామా చెప్పి, రాష్ట్రం తేడా తేల్చుకునే టైం ఉండదు. ప్రతి బ్రాంచీలో ఒక్క స్థానిక లైన్ అయినా ఉంచుకోండి. టెస్ట్ కోసం 108కి ఊరికే చేయకండి. అదే రూట్‌లోకి మీ మొబైల్ నంబర్‌ను తాత్కాలికంగా పెట్టి, ఏ లైన్ నుంచి వచ్చిందో చూసుకోండి.

మామూలు కాల్స్‌ను కూడా ఒక ఊరి నుంచి ఇంకో ఊరి లైన్ మీదుగా బయటకు పంపే ముందు టోల్ బైపాస్ (ఎస్టీడీ చార్జీ పడకుండా కాల్‌ను సొంత నెట్‌వర్క్ మీదుగా దాటించడం) నిబంధనల గురించి మీ ఆపరేటర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

సమస్య: మన మాట వాళ్లకు చేరుతోంది, వాళ్ల మాట మనకు వినపడటం లేదు

రింగ్ అయింది, ఎత్తారు అంటే సిప్ బాగానే ఉన్నట్టు. ఆగిపోయింది ఆర్‌టీపీ, అంటే గొంతును మోసుకెళ్లే ప్యాకెట్లు. బ్రాంచీలు కలిపిన చోట ఎక్కువగా దొరికే తప్పు ఒకటుంది. సిప్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్స్ అనే చోట సొంత ఆఫీసు నెట్‌వర్క్ ఒక్కటే రాసి ఉంటుంది. దాంతో వీపీఎన్ అవతలి బ్రాంచ్‌ను పీబీఎక్స్ బయటి ఇంటర్నెట్ అనుకుని, "గొంతు ఇక్కడికి పంపండి" అని తన పబ్లిక్ ఐపీ ఇస్తుంది. అవతలి ప్యాకెట్లు ఆ అడ్రస్‌కు పోయి ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోతాయి. అన్ని బ్రాంచీల నెట్‌వర్క్‌లనూ ఆ జాబితాలో చేర్చండి. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (సిప్ సందేశాల్లోని అడ్రస్‌లను రౌటరే మార్చే సదుపాయం) ఉంటే ఆపేయండి. ఫైర్‌వాల్‌లో 5060తో పాటు 10000 నుంచి 20000 దాకా యూడీపీ పోర్టులు బ్రాంచీల మధ్య మాత్రమే తెరవండి. ఇంటర్నెట్‌కు తెరిస్తే రాత్రికి రాత్రే దొంగ కాల్స్ మొదలవుతాయి.

కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగిపోతుంటే అది దీని తోబుట్టువే. కాల్ ఎత్తాక వెళ్లాల్సిన ఏసీకే ("అందింది" అని చెప్పే) సందేశం తప్పుడు అడ్రస్‌కు పోతోంది. సిప్ ప్రమాణం ప్రకారం అర సెకనుకు 64 రెట్లు ఎదురుచూసి, పీబీఎక్స్ కాల్ వదిలేస్తుంది. మందు కూడా అదే.

సమస్య: వీపీఎన్ ఆన్‌లో ఉంది, అవతలి పీబీఎక్స్‌కు పింగ్ వెళ్లదు

రెండు ఆఫీసుల్లోనూ 192.168.1 సిరీసే ఉందేమో చూడండి. రౌటర్ డబ్బాలోంచి తీసి పెట్టినప్పుడు వచ్చిన అడ్రస్‌లు అవి. రెండు చోట్లా ఒకటే అయితే అవతలి అడ్రస్‌ను కూడా తన ఆఫీసులోదే అనుకుని వీపీఎన్‌లోకి పంపదు. ఇక్కడా ఎస్టీడీ కోడ్ పనికొస్తుంది: హైదరాబాద్‌కు 10.40, విజయవాడకు 10.66, విశాఖకు 10.91. లాగ్‌లో ఐపీ చూడగానే ఏ ఊరో తెలుస్తుంది.

సమస్య: పొద్దున బాగుంటుంది, పని ఊపందుకున్నాక మాట ముక్కలవుతుంది

జీ.711 కోడెక్‌లో (గొంతును డేటాగా మార్చే పద్ధతి) ఒక్కో కాల్ ఈథర్‌నెట్ మీద ఒక్కో దిక్కుకు దాదాపు 87 కేబీపీఎస్ తీసుకుంటుంది, వీపీఎన్ భారం అదనం. పది కాల్స్ అంటే కనీసం ఒక ఎంబీపీఎస్ వాయిస్‌కే కేటాయించాలి, ముఖ్యంగా అప్‌లోడ్‌లో. లైన్ చాలినంత ఉన్నా ఎవరో పెద్ద ఫైల్ పంపితే ఇదే జరుగుతుంది. వాయిస్ ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్య ముద్ర వేసి రౌటర్‌లో మొదటి వరుస ఇవ్వండి. బ్యాండ్‌విడ్త్ మరీ తక్కువైతే బ్రాంచీల మధ్య గొంతును బాగా కుదించే జీ.729 వాడొచ్చు. అప్పుడు డీటీఎంఎఫ్‌ను (నొక్కిన అంకెల శబ్దాలు) ఇన్‌బ్యాండ్‌లో, అంటే గొంతుతో కలిపి, ఉంచకండి, ఐవీఆర్‌లో ("ఒకటి నొక్కండి" అనే రికార్డు మెనూ) నొక్కిన అంకెలు తప్పుతాయి. రెండు వైపులా అంకెలను విడిగా పంపే ఆర్‌ఎఫ్‌సీ 4733 పెట్టండి.

సమస్య: ఒక్క కాల్‌కే ట్రంక్ నిండిపోయింది

లాగ్‌లో 483 (కాల్ మరీ ఎక్కువసార్లు చేతులు మారిందనే సిప్ ఎర్రర్) కనిపిస్తే అది లూప్. లేని 6650 కోసం హైదరాబాద్ విజయవాడను అడిగింది, విజయవాడ "నా దగ్గర లేదు" అనకుండా తిరిగి హైదరాబాద్‌కే పంపింది. ప్రతి బ్రాంచ్ తన కోడ్‌తో మొదలయ్యే నంబర్‌ను మళ్లీ ట్రంక్‌కు ఇవ్వకూడదు. లేకపోతే లేదని అక్కడే తేల్చాలి.

సమస్య: కరెంటు పోగానే ఆ బ్రాంచ్ మొత్తం మూగబోతుంది

పీబీఎక్స్‌కు యూపీఎస్ ఉంటుంది. ఫోన్లకు కరెంటిచ్చే పీఓఈ స్విచ్‌కు, రౌటర్‌కు ఉండదు. మూడింటినీ ఒకే యూపీఎస్ మీదకు తెచ్చి, ఆఫీసు అయ్యాక మెయిన్ ఆపి పక్క ఊరికి ఒక కాల్ చేసి చూడండి.