స్కీ బూటులో వేళ్లు మొద్దుబారుతుంటే: సమస్య - పరిష్కారం

స్కీలు తొడుక్కోవడం, స్నోప్లౌతో (స్కీల ముందు మొనలు దగ్గరికి, వెనుక చివరలు దూరంగా పెట్టి) వేగం తగ్గించుకోవడం, పడితే లేవడం తెలిసినవారి కోసం ఇది రాస్తున్నాను. విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి మంచు వాలులున్న ఔలీకో (ఉత్తరాఖండ్) గుల్మార్గ్‌కో (కశ్మీర్) వెళ్లే మిత్రబృందాలు చెప్పే ఇబ్బందుల్లో చాలావరకు కాళ్ల దగ్గరే మొదలవుతాయి. అయినా బూటు విప్పి లోపల ఏముందో చూసుకున్న తరువాత అడిగేవారు అరుదు.

బూటు బైండింగులో పడటం లేదు

బైండింగు అంటే స్కీ మీద బూటును పట్టి ఉంచే బిగింపు. బూటు అందులో పడకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ బూటు అడుగున గట్టిపడిన మంచే. ఉభాల రోజుల్లో పొలంగట్టు మీద నడిచిన చెప్పుకు బురద పట్టినట్టే, నాలుగడుగులు వేసేసరికి బూటుకు మంచు పొరలుగా పట్టి గడ్డకడుతుంది. బైండింగు పాడైందని అనుకునే ముందు పోల్ (చేతికర్ర) మొనతో ఆ మంచును గీకివేయండి. వెనుక లివరు కిందికి నొక్కి ఉందో లేదో చూసి, ముందు వేళ్లవైపు అమర్చి, తరువాత మడమ నొక్కండి. వాలు మీద ఉంటే స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి, పల్లం వైపు స్కీని మొదట తొడుక్కోవాలి.

వేళ్లు మొద్దుబారుతున్నాయి, మోకాలి కింది ఎముక నొస్తోంది, స్కీ తిరగమన్నప్పుడు తిరగడం లేదు

ఇవి మూడు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. అందువల్ల మొద్దుబారితే చలి అనుకుని ఇంకో జత సాక్సులు వేస్తారు, నొప్పి పుడితే బూటు బిగుతనుకుని పెద్దది తీసుకుంటారు, స్కీ తిరగకపోతే సాధన చాలదనుకుంటారు. నేను చూసినంతవరకు ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు కారణం ఒక్కటే: బూటులో పాదమూ ఒక్క సాక్సూ తప్ప మరేదో ఉంది.

లంబసింగి చలికి రెండు జతల సాక్సులు వేసుకుంటే వెచ్చగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ మనం వేసుకునే బూటు సాగుతుంది. స్కీ బూటు పైపెంకు గట్టి ప్లాస్టిక్కు, అది సాగదు. లోపల మందం పెరిగినకొద్దీ నలిగేది పాదమే. వేళ్లకు వెచ్చదనాన్ని తెచ్చే రక్తప్రసరణే తగ్గిపోతుంది. చెమటకు తడిసిన నూలు సాక్సు ఆ కాస్త వేడినీ లాగేస్తుంది.

ఇంతవరకు చాలామందికి చెబితే అర్థమవుతుంది. అసలు దొంగ కారణం వేరే ఉంది. "నేను ఒక్క సాక్సే వేసుకున్నాను" అని చెప్పేవారు నిజమే చెబుతారు, కానీ థర్మల్ ప్యాంటు అంచు గాలి దూరకుండా బూటులోకి దోపి ఉంటుంది. కొందరు స్కీ ప్యాంటు లోపలుండే ఎలాస్టిక్ పట్టీని కూడా లోపలికే దోపుతారు. అది బూటు మీదుగా బయట ఉండాల్సినది. మలుపు కోసం మోకాళ్లు వంచి ముందుకు ఒరిగినప్పుడల్లా లోపలికి దోపిన ఆ అంచు కుట్టో, పట్టీయో నేరుగా ఎముక మీద నొక్కుకుంటుంది. ఆ నొప్పికి భయపడి మనిషి తెలియకుండానే వెనక్కి వాలతాడు, బరువు మడమల మీదికి పోతుంది, స్కీ ముందుభాగం పట్టు తప్పుతుంది. నిర్ధారించుకోవడం చాలా సులువు: బూటూ సాక్సూ విప్పి కాలు చూడండి. ఎముకకు అడ్డంగా ఎర్రటి గీత, అందులో ఎలాస్టిక్ నేత గళ్లు కూడా అచ్చుపడి కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కరలేదు.

ఈ చిన్న పని చేయకుండా పెద్ద బూటుకు మారినవారి బాధ చూస్తే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. పెద్ద బూటులో మడమ లేస్తుంది, దాన్ని ఆపడానికి బకిళ్లు మరింత బిగిస్తారు, పాదం మీది రక్తనాళాలు నొక్కుకుని వేళ్లు ఇంకా మొద్దుబారుతాయి, దాంతో ఇంకా పెద్దది కావాలనిపిస్తుంది. వేల రూపాయలు పోసి వెళ్లిన రోజు అద్దె దుకాణం బల్ల మీదే గడిచిపోతుంది.

పరిష్కారం ఇది. మోకాలి వరకు వచ్చే పలుచని ఉన్ని సాక్సు ఒక్కటి ముడతల్లేకుండా వేసుకోండి. థర్మల్‌ను బూటు పైఅంచు కంటే పైకి మడవండి, లేదా పిక్క సగం వరకే ఉండేది కొనుక్కోండి. గోడకు మడమ ఆనించి నిలబడి పాదం పొడవు సెంటీమీటర్లలో కొలవండి, బూటు సైజు అదే. 26, 26.5 సైజులకు సాధారణంగా పెంకు ఒకటే కాబట్టి అర సైజు కోసం పట్టుబట్టనవసరం లేదు. బూటులో నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకు తగలాలి, మోకాళ్లు వంచితే కొద్దిగా వెనక్కి జరగాలి. మడమను నేలకు తట్టి వెనక్కి కూర్చోబెట్టాక, చీలమండ దగ్గరి బకిలు ముందు, పైవి తరువాత, వేళ్లమీదివి చివరగా, అదీ వదులుగానే పెట్టాలి. వాలు పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్టులో కూర్చున్నప్పుడు బకిళ్లు వదులు చేసుకోవచ్చు.

ఇవన్నీ చేసినా వేళ్లు తెల్లబడి, వెచ్చని గదిలోకి వచ్చాక కూడా స్పర్శ తిరిగిరాకపోతే అది బూటు సమస్య కాదు, డాక్టరుకు చూపించాలి. అంతవరకు రుద్దకండి, హీటరుకు దగ్గరగా పెట్టకండి.

మిగిలినవి

గాగుల్స్‌కు ఆవిరి పడుతుంటే వాటిని నుదుటి మీదికి నెట్టే అలవాటు మానండి, లోపలి అద్దాన్ని చేతితొడుగుతో తుడవకండి. స్కీ అడుగున మైనం లేకపోవడం, అంచులు మొద్దుబారడం వంటివి ఒక్కరోజు సరదాగా వెళ్లేవారి ఇబ్బందులకు అరుదుగా కారణాలవుతాయి. అనుమానముంటే స్కీల జత మార్పించుకోండి.

బూటు నిజంగానే మార్చవలసి వస్తే స్కీలు కూడా కౌంటరు దగ్గరికి తీసుకువెళ్లాలి. బూటు అడుగు పొడవు మారితే బైండింగును మళ్లీ సరిచేయాలి. లేకుంటే పడినప్పుడు అది ఊడవలసిన చోట ఊడదు, మోకాలు మెలిపడుతుంది. ఆ స్క్రూలను మీరు తిప్పకండి. బరువు, ఎత్తు, వయసు, మీ నైపుణ్యం చెప్పి దుకాణం మెకానిక్‌తోనే చేయించండి.