అమెరికాలో చిన్న ఇంటర్నెట్ రేడియోకు పాటల లైసెన్సు: దరఖాస్తు విధానం, అసలు ఖర్చు

పాత కంప్యూటరు ఒకటి, నెలవారీ స్ట్రీమింగ్ సర్వరు ఒకటి ఉంటే అమెరికాలో ఇంటర్నెట్ రేడియో ఒక్క సాయంత్రంలో మొదలైపోతుంది. చిక్కంతా పాటల దగ్గరే. ప్రతి పాటకూ రెండు హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ కలిపి ఒకటి. ఫలానా గొంతుతో, ఫలానా వాయిద్యాలతో రికార్డయిన ఆడియో రెండోది. మొదటి హక్కుకు ఆస్కాప్, బీఎంఐ, సెసాక్, జీఎంఆర్ అనే నాలుగు ప్రధాన సంస్థలు లైసెన్సులిస్తాయి. రెండోదానికి చట్టం నిర్దేశించిన రుసుమును వసూలు చేసేది సౌండ్ ఎక్స్ఛేంజ్. అక్కడి ఏఎం, ఎఫ్ఎం స్టేషన్లు గాలిలో వేసే పాటకు ఈ రెండో రుసుము కట్టక్కర్లేదు. అదే పాట ఇంటర్నెట్‌లో వేస్తే కట్టాలి. న్యాయమా అంటే చెప్పలేం, చట్టం మాత్రం అదే.

మీరు కమర్షియలా, నాన్‌కమర్షియలా?

ఫారం ముట్టుకునే ముందే ఇది తేల్చుకోండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. "మాకు ప్రకటనలు లేవు, రూపాయి ఆదాయం లేదు, కాబట్టి నాన్‌కమర్షియల్" అనుకుంటారు. కాపీరైట్ చట్టంలో ఆ మాటకు అర్థం వేరు. పన్ను చట్టం 501వ సెక్షన్ కింద మినహాయింపు ఉండాలి, లేదా దానికి దరఖాస్తు చేసి అది వస్తుందని నమ్మడానికి తగిన కారణం ఉండాలి, లేదా అది ప్రభుత్వ సంస్థ నడిపేదై ఉండాలి. ఈ మూడింట్లో దేనికిందా రాకపోతే, చేతి డబ్బు పెట్టి నడిపే స్టేషన్ కూడా కమర్షియల్ లెక్కలోకే వస్తుంది.

తేడా ఎంతో అంకెల్లో చూడండి. 2025 రేటు ప్రకారం చందా లేని కమర్షియల్ స్టేషన్ ఒక్కో పెర్ఫార్మెన్స్‌కు 0.0025 డాలర్, అంటే పావు సెంటు కట్టాల్సి ఉండేది. ఒక పాటను ఒక శ్రోత వింటే ఒక పెర్ఫార్మెన్స్. 2025లో ఏడాదికి కనీస రుసుము ఛానెల్‌కు 1,000 డాలర్లు. అది తిరిగి రాదు గానీ, ఆ ఏడాది రాయల్టీలో సర్దుబాటవుతుంది. ఆ డబ్బుకు 4 లక్షల పెర్ఫార్మెన్స్‌లు వస్తాయి. గంటకు 15 పాటల చొప్పున రాత్రింబవళ్లు వేస్తే ఏడాదికి 1,31,400 పాటలు. అంటే సగటున ముగ్గురు శ్రోతలుంటే కనీస రుసుము అయిపోయినట్టే. పదిమంది ఉంటే ఏడాది బిల్లు 3,285 డాలర్లు.

అదే 1,000 డాలర్లకు నాన్‌కమర్షియల్ స్టేషన్‌కు నెలకు 1,59,140 శ్రవణ గంటలు (ఒక శ్రోత ఒక గంట వింటే ఒక శ్రవణ గంట) దొరికేవి. నెలకు 730 గంటల లెక్కన అది సగటున 218 మంది శ్రోతలతో సమానం. ఆ పరిమితి దాటిన భాగానికే పెర్ఫార్మెన్స్ రేటు పడుతుంది. ఒకరికి ముగ్గురు, ఇంకొకరికి 218 మంది!

అందుకే విద్య, సంస్కృతి లాంటి ప్రయోజనం నిజంగానే ఉన్న బృందం ముందు లాభాపేక్ష లేని సంస్థగా నమోదై, పన్నుల శాఖకు 501(సి)(3) పన్ను మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టడం మేలు. ఏటా 50,000 డాలర్లకు మించని రాబడి, 2,50,000 డాలర్లకు మించని ఆస్తులున్న చాలా చిన్న సంస్థలకు 1023-ఈజెడ్ అనే పొట్టి ఫారం సరిపోతుంది. దాని రుసుము 275 డాలర్లు. ఒంటరిగా సరదాకు నడిపేవాళ్లకు ఈ దారి కుదరదు.

2015 దాకా ఇంత ఇబ్బంది లేదు. 2009లో కుదిరిన ఒప్పందాల కింద చిన్న స్టేషన్లు రాబడిలో శాతం కడితే సరిపోయేది. ఆ గడువు 2015తో ముగిసింది. 2016 నుంచి పెర్ఫార్మెన్స్ లెక్కే. వేలాది చిన్న స్టేషన్లకు వేదికగా ఉన్న లైవ్365 ఆ జనవరి నెలాఖరుకే మూతపడింది, మళ్లీ 2017లో తెరుచుకుంది. కాపీరైట్ రాయల్టీ బోర్డు రేట్లను ఐదేళ్లకోసారి నిర్ణయిస్తుంది. 2026 నుంచి 2030 వరకు కొత్త విడత కాబట్టి, బడ్జెట్ వేసేముందు ఆ ఏటి రేటు చూసుకుని పై లెక్కలో పెట్టుకోండి.

నోటీసు దాఖలు

ఇది పర్మిషన్ అడిగే దరఖాస్తు కాదు. చట్టమే ఇచ్చే లైసెన్సు ఇది. షరతులు పాటిస్తూ "వాడుకోబోతున్నాం" అని నోటీసిస్తే చాలు. ఎవరో మంజూరు చేసి సర్టిఫికెట్ పంపుతారని ఎదురుచూడొద్దు. నోటీసు ఇవ్వాల్సింది అమెరికా కాపీరైట్ ఆఫీసుకు, సౌండ్ ఎక్స్ఛేంజ్‌కు కాదు. రుసుము 50 డాలర్లు. ఫారంలో స్టేషన్ చట్టబద్ధమైన పూర్తి పేరు, వీధి చిరునామా, ఫోన్, వెబ్‌సైటు, సర్వీసు రకం, మొదటి ప్రసార తేదీ రాసి సంతకం చేయాలి. కాపీరైట్ చట్టం సెక్షన్లలో 112, 114 రెండింటికీ టిక్కు పెట్టండి. మొదటిది సర్వరులో పాట కాపీ పెట్టుకోవడానికి, రెండోది వినిపించడానికి.

పోస్టు బాక్సు నంబరు మాత్రమే ఇస్తే మామూలుగా ఒప్పుకోరు. పైగా ఈ నోటీసులు ఎవరైనా చూడొచ్చు, కాబట్టి ఇంటి అడ్రసు ఇవ్వాలో వద్దో ముందే ఆలోచించుకోండి. మొదటి పాట వేయకముందే నోటీసు దాఖలై ఉండాలి. "టెస్టింగ్" పేరుతో నెల్లాళ్లు వేసి ఆ తర్వాత దాఖలు చేస్తే, ఆ నెల్లాళ్ల పాటలకు రక్షణ ఉండదు. ఉల్లంఘన రుజువైతే చట్టం చెప్పే నష్టపరిహారం ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్లు, కావాలనే చేశారని తేలితే 1,50,000 వరకు. ఫారంలోని వివరాలు ఏవి మారినా 45 రోజుల్లో కొత్త నోటీసు ఇవ్వాలి.

తర్వాత సౌండ్ ఎక్స్ఛేంజ్‌లో ఖాతా తెరిచి కనీస రుసుము కట్టాలి. ఏటా గడువు జనవరి 31. ఆలస్యమైతే నెలకు 1.5 శాతం అదనం. సాహిత్యం, బాణీల హక్కుకు ఆ నాలుగు సంస్థలకూ విడివిడిగా దరఖాస్తు చేయాలి. ఒక పాటకు ఇద్దరు రచయితలుండి, చెరో సంస్థలో ఉంటే రెండు లైసెన్సులూ కావాలి.

పాటల వరసకూ రూల్సున్నాయి

మూడు గంటల వ్యవధిలో ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకు మించకూడదు, అందులోనూ వరసగా రెండే. ఒకే గాయకుడివి నాలుగు, వరసగా మూడు. తెలుగు స్టేషన్లకు ఇది పెద్ద తలనొప్పి. బాలు పుట్టినరోజుకు గంటసేపు వరసగా ఆయన పాటలే వేశారంటే లైసెన్సు షరతు తప్పినట్టే. ఒకే సినిమాలోని ఐదు పాటలు కలిపి వేసినా అంతే. ఏ పాట ఎప్పుడొస్తుందో ముందుగా ప్రకటించకూడదు. శ్రోత అడిగిన పాటలు గంటలోపు వేసే కార్యక్రమమే ప్రధానమైతే, అది ఈ లైసెన్సు పరిధి దాటిపోతుంది. పాత ప్రోగ్రాంలను సైటులో ఉంచాలంటే ఒక్కోటి కనీసం ఐదు గంటల నిడివి ఉండాలి, మొత్తం రెండు వారాలకు మించి ఉంచకూడదు. 1972కు ముందు రికార్డులకు లైసెన్సు అక్కర్లేదన్న మాట ఇంకా వినబడుతోంది. 2018 చట్టంతో ఆ వాదన ముగిసింది.

నెలవారీ లెక్క

ఏ పాట ఎంతమందికి చేరిందో నివేదిక పంపాలి. గాయకుల పేరు, పాట పేరు, ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగుకు ఉండే గుర్తింపు సంఖ్య) లేదా ఆల్బమ్, లేబుల్ పేర్లు, పెర్ఫార్మెన్స్‌ల సంఖ్య. మన ఎంపీ3 ఫైళ్లలో ఆర్టిస్ట్ గడిలో హీరో పేరో, సంగీత దర్శకుడి పేరో, డౌన్‌లోడ్ సైటు పేరో ఉంటుంది. అక్కడ ఉండాల్సింది పాడినవాళ్ల పేరు. "వేరియస్ ఆర్టిస్ట్స్" అని పంపితే డబ్బు ఎవరికి చేరాలో తేలదు. ట్యాగులు ప్రసారానికి ముందే సరిచేసుకోండి, నెలాఖరున వెయ్యి వరసలు దిద్దడం నరకం.

సంఖ్య కోసం సర్వరు లాగ్‌ను, ప్లేలిస్టును సమయాలతో జతచేయాలి. పాట 10:02:00కి మొదలై 10:06:00కి ముగిసింది. ఒక శ్రోత 10:05:50కి వచ్చి 10:06:20కి వెళ్లిపోయాడు. మొదటి పాట పది సెకన్లు, తర్వాతిది ఇరవై సెకన్లు విన్నాడు, అయినా రెండు పెర్ఫార్మెన్స్‌లు. పాటలో ఏ ముక్క విన్నా ఒకటే లెక్క. అందుకే సర్వరు గడియారం, ప్లేయరు గడియారం ఒకటే సమయం చూపాలి. రెండు నిమిషాల తేడా ఉన్నా శ్రోతలు పక్క పాట ఖాతాలో పడతారు. రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి, తనిఖీకి రావచ్చు.

ఈ లైసెన్సు అమెరికాలోని శ్రోతలకే. హైదరాబాద్‌లో వినేవారి కోసం భారత్‌లో ఐపీఆర్ఎస్, పీపీఎల్ లాంటి సంస్థలతోనూ, లేబుళ్లతోనూ వేరే మాట్లాడుకోవాలి, లేదంటే దేశాలవారీగా స్ట్రీమ్‌ను ఆపేయాలి. ఈ తంటాలన్నీ పడలేనివారికి, లైసెన్సులు కలిపి నెల చందాకు ఇచ్చే హోస్టింగ్ సర్వీసులున్నాయి. పది, ఇరవైమంది శ్రోతలున్న కమర్షియల్ స్టేషన్‌కు చాలాసార్లు అదే చవక. ఏ దేశాలు, ఏ సంస్థలు, ఎన్ని శ్రవణ గంటలు కలిశాయో మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.

కనీస రుసుము క్యాలెండర్ ఏడాదికి, అందులో ఒక్క రోజు నడిపినా పూర్తిగా పడుతుంది. అందుకే డిసెంబరులో ప్రారంభించకండి. ఆపేసేటట్టయితే డిసెంబరు 31 రాత్రికే స్ట్రీమ్ కట్టేయండి.