సాసర్ పిట్ తెల్లారేసరికి ఖాళీ, చుట్టూ మొక్కలు పీకేసి ఉన్నాయా? ముందు నేల చూడండి

అనంతపురం వైపు, నల్లమల అంచు ఊళ్లలో ప్రతి ఎండాకాలం ఇదే ఫిర్యాదు. సాయంత్రం ట్యాంకర్‌తో నింపిన సాసర్ పిట్ (అడవి జంతువులు తాగడానికి కట్టిన లోతు తక్కువ సిమెంటు తొట్టి) పొద్దున్నకి అడుగంటింది, పక్కన నీడ కోసం నాటిన మొక్కల్ని అడవి పందులు పెళ్లగించాయి. వెంటనే "జంతువులు బాగా తాగుతున్నాయి, ఇంకో ట్యాంకర్‌కి చందాలు వేయండి" అని మెసేజ్. అయ్యా, గిట్టల గుర్తులు చూశారా? అన్ని నీళ్లు తాగేంత మంద వస్తే చుట్టూ మట్టి తొక్కుడుకి పిండైపోవాలి కదా!

అంత మంద తొక్కిన గుర్తులు లేవు, పైగా ఒక పక్కన మాత్రం గడ్డి పచ్చగా ఉందంటే తొట్టి కారుతోంది. ఆ తడి నేలలో వేర్లు, పురుగుల కోసం పందులు ముట్టె పెడతాయి, మీ మొక్కలు వాటి దారిలో ఉన్నాయంతే. రెండు సమస్యలకీ మూలం ఒక్కటే, కంచెకి డబ్బులు పెట్టి లాభం లేదు.

నమ్మకపోతే సాయంత్రం నింపి నీటిమట్టం దగ్గర బొగ్గుతో గీత గీయండి, పక్కనే నిండు బకెట్ పెట్టి దానికీ గీయండి. ఆ ఒక్క రాత్రికి రెండింటి మీదా ముళ్లకంప కప్పి, జంతువులకి కాస్త దూరంలో వేరే టబ్బు పెట్టండి. బకెట్‌లో తగ్గింది గాలికి పోయినట్టు, తొట్టిలో అంతకంటే ఎక్కువ తగ్గింది నేల తాగినట్టు.

పగులు సాధారణంగా అడుగు, గోడ కలిసేచోట ఉంటుంది. తొట్టి ఆరుతున్నప్పుడు చూడండి, అంతా ఆరినా సన్నగా ఒక తడి గీత మిగిలిపోతుంది. దానిమీద సిమెంటు పాలు పూసి చేతులు దులుపుకోకండి, మళ్లీ పగులుతుంది. ఉలితో పగులుని వెడల్పు చేసి, దుమ్ము కడిగి, ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్లు జల్లించిన ఇసుక, వాటర్‌ప్రూఫ్ పౌడర్ కలిపి కూరండి, వారం రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచండి. మొదటిసారి నింపిన నీళ్లు పారబోయండి, కొత్త సిమెంటు ఘాటు జంతువులకి మంచిది కాదు. ఆ తర్వాత ఎండలో ఖాళీగా వదలొద్దు, ట్యాంకర్‌ని అంచు మీదికి రివర్స్ చేయనివ్వొద్దు. సగం పగుళ్లు అక్కడే పుడతాయి.

తొట్టి బాగుపడినా మొక్కలు ఎండుతుంటే ఒకటి పీకి చూడండి. వేర్లు నర్సరీ కవర్ ఆకారంలోనే చుట్టుకుని ఉంటే నాటేటప్పుడు అడుగున చుట్టుకున్న వేర్లు కత్తిరించలేదన్నమాట. వానలు పడ్డాక కొత్తవి, వేపో కానుగో, తొట్టికి ఇరవై అడుగుల అవతల నాటండి. జింకలు వాటి జోలికి పెద్దగా రావు. ఏప్రిల్‌లో ఫొటోల కోసం నాటేవాళ్లకి మాత్రం నా దగ్గర మందు లేదు.

నీళ్లు దొంగలు ఎత్తుకుపోతున్నారు అంటారు కొందరు, అలా ఎప్పుడో గానీ ఉండదు. కానీ తొట్టి దగ్గర పిట్టలు చచ్చిపడి ఉంటే మాత్రం దేన్నీ ముట్టుకోకుండా, పశువుల్ని రానివ్వకుండా, వెంటనే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి.