సీవోటూ రివాల్వర్ కొంటున్నారా? ముందు ఆరు అరలూ చూడండి

సీవోటూ రివాల్వర్ అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఒత్తిడితో చిన్న గుండు కాల్చేది. మామూలు గాలి పిస్టల్‌లో గుండు కూర్చునే చోటు ఒక్కటే. రివాల్వర్‌లో, తిరిగే సిలిండర్‌లో, ఆరు అరలు. ఆ ఆరూ వంతులవారీగా తిరిగి వచ్చి, బ్యారెల్ ఎదుట వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడాలి. ఏ ఒక్కటి పక్కకి జరిగినా ప్రతి ఆరో దెబ్బా దారి తప్పుతుంది. తప్పు చేతిదనుకుని మనం నెలల తరబడి సాధన చేస్తూ పోతాం. బరువు, నలుపు నిగనిగ, సిలిండర్ తిప్పితే వచ్చే చప్పుడు చూసి మనసు పారేసుకునే వస్తువు ఇది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు దీన్ని విప్పి చూసి బాగుచేసేవాళ్ళు సులువుగా దొరకరు. అందుకే పరీక్షలన్నీ కొనేటప్పుడే, లేదా వాపసు గడువు దాటకముందే ముగించాలి.

ముందు చట్టం సంగతి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గాలి తుపాకీ బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు) 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, శక్తి 20 జౌళ్ళు మించకూడదు. ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాలి. సీవోటూ రివాల్వర్లు సాధారణంగా 2 నుంచి 4 జౌళ్ళ మధ్యే ఉంటాయి. బిల్లు మీద బోరు, శక్తి, సీరియల్ నంబరు మూడూ రాయించుకోండి. ఇవి అచ్చం అసలు రివాల్వర్‌లా ఉంటాయి కాబట్టి, డబ్బు కట్టకముందే మీ ఠాణాలో ఆ మోడల్ వివరాలు చూపించి అడగడం మంచిది. నకలు ఆయుధాన్ని లైసెన్సు లేకుండా అసలు ఆయుధంగా మార్చడం 1959 ఆయుధ చట్టం 6వ సెక్షన్ కింద నేరం. పిట్టల మీదా ఉడతల మీదా గురి పెట్టడం వన్యప్రాణి చట్టం దాకా పోతుంది, ఆ ఆలోచనే వద్దు.

బీబీయా, పెల్లెట్టా అన్నది రెండో ప్రశ్న. బీబీ అంటే పైపూత వేసిన ఉక్కు గుండు, బరువు 0.35 గ్రాము ప్రాంతం. దాని బ్యారెల్ లోపల నునుపుగా ఉంటుంది. గుండు తిరగదు కాబట్టి ఆరేడు మీటర్లు దాటితే దాని ఇష్టం దానిది. పెల్లెట్ సీసంది, బరువు అర గ్రాము దగ్గర. బ్యారెల్ లోపలి గోడ మీద మెలికలు తిరిగిన గాడి, అంటే మెలిగాడి, ఉంటుంది, పెల్లెట్ తిరుగుతూ పోతుంది. 10 మీటర్ల దగ్గర కాగితం మీద గురి నేర్చుకోవాలంటే మెలిగాడి ఉన్న పెల్లెట్ రివాల్వరే తీసుకోండి. డబ్బాలు పడగొట్టి సరదా తీర్చుకోవడానికైతే బీబీ చాలు. కానీ ఉక్కు గుండు గట్టి చోట తగిలితే నేరుగా మొహం మీదికి తిరిగొస్తుంది. మన ఊళ్ళలోని ఎర్రరాతి ప్రహరీలు, సిమెంటు గోడలు దానికి పనికిరావు.

చేతిలోకి తీసుకోగానే గ్యాస్ క్యాప్సూల్ లేదని, ఆరు షెల్లులూ (గుండు పెట్టి అరలో దూర్చే తూటా ఆకారపు గొట్టాలు) ఖాళీ అని కళ్ళతో చూసి నిర్ధారించుకోండి. తర్వాత వెనకవైపు సుత్తిలా ఉండే హ్యామర్‌ని బొటనవేలితో నెమ్మదిగా వెనక్కి లాగుతూ, రెండో చేతి వేలు సిలిండర్ పక్కన ఆనించి కాస్త అడ్డుపెట్టండి. హ్యామర్ చివర పట్టు తీసుకునేలోపే సిలిండర్ 'టక్'మని లాక్ పడాలి. ఇదే పని ఆరు అరలకూ చేయాలి. నాలుగింటికి లాక్ పడి రెండింటికి పడకపోతే, సిలిండర్‌ని తిప్పే మీటో వెనకాలి పళ్ళో అరిగాయని అర్థం. లాక్ పడ్డాక సిలిండర్‌ని ఎడమకీ కుడికీ కదిపి చూడండి. కనీకనిపించనంత ఆట పరవాలేదు, గలగల ఊగితే వద్దు.

ఇప్పుడు 4 మిల్లీమీటర్ల మందం ఉన్న నున్నని ప్లాస్టిక్ పుల్ల ఒకటి తీసుకోండి. హ్యామర్ లాక్‌లో ఉండగా మూతి వైపు నుంచి పుల్లని లోపలికి పోనివ్వండి. అది బ్యారెల్ దాటి షెల్ మూతిలోకి తగలకుండా జారిపోవాలి. ఒక అర దగ్గర అంచుకి తట్టుకుంటే ఆ అర పక్కకి ఉన్నట్టే. కాల్చాక ఇదే లోపం మరోలా బయటపడుతుంది. సిలిండర్ ముందు మొహాన వెండి పొట్టులాంటి సీసం పెచ్చులు అంటుకుంటాయి. గుడ్డలోకి కాల్చి ఏరిన పెల్లెట్ అంచు ఒకవైపే చెక్కినట్టు ఉంటుంది.

ట్రిగ్గర్ బరువుకి ప్రత్యేక కాటా అక్కర్లేదు. రివాల్వర్ ఖాళీ, గ్యాస్ లేదు అని మళ్ళీ చూసుకోండి. మూతి ఆకాశం వైపు నిలబెట్టి, హ్యామర్ లాగి, అది పడే చోట మడిచిన గుడ్డ పెట్టండి. ట్రిగ్గర్‌కి తీగ కొక్కెంతో రెండు లీటర్ల ఖాళీ సీసా వేలాడదీసి, గ్లాసుతో కొంచెం కొంచెంగా నీళ్ళు పోయండి. హ్యామర్ పడేసరికి సీసాలో ఉన్న ప్రతి లీటరూ ఒక కిలో. సింగిల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్ ముందే లాగి ఉంచినప్పుడు, రెండు కిలోల లోపు పడితే గురికి హాయి. డబుల్ యాక్షన్, అంటే ట్రిగ్గర్ నొక్కుడుతోనే హ్యామర్ కూడా లేచేది, దానికి రెట్టింపు, అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే కాగితం మీద గురికి ఎప్పుడూ హ్యామర్ ముందే లాగి కాల్చాలి. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ దగ్గరదగ్గరగా రావాలి. ఒకసారి లీటరు, ఇంకోసారి లీటరున్నర వస్తే ఆ ట్రిగ్గర్‌ని నమ్మలేం.

గ్యాస్ దగ్గరికి వద్దాం. 12 గ్రాముల క్యాప్సూలే వాడాలి. సోడా సీసాల 8 గ్రాములది కొలతకి సరిపోదు. క్యాప్సూల్ మెడ మీద ఒక చుక్క సిలికాన్ ఆయిల్ వేసి లోపల పెట్టి, మర బిగించండి. 'సుయ్'మని ఒక్కసారి చప్పుడొచ్చి ఆగాలి. ఆగాక ఇంకో పావు చుట్టు చాలు. బలం కొద్దీ బిగిస్తే సీలు నలిగిపోతుంది, ఆ తర్వాత ఏ క్యాప్సూల్ పెట్టినా కారుతుంది. కారుతోందో లేదో చెవికి తెలియకపోతే వంటింటి డిజిటల్ కాటా చెబుతుంది. గుళ్ళు పెట్టకుండా, గ్యాస్ ఎక్కించిన రివాల్వర్‌ని తూచి గ్రాముల్లో రాసుకోండి. రెండు గంటలయ్యాక మళ్ళీ తూచండి. ఒక గ్రాము తేడా కాటా లెక్కే కావచ్చు, మూడు నాలుగు గ్రాములు తగ్గితే సీలు పోయింది. క్యాప్సూల్‌కి అరవై దెబ్బలు వస్తున్నాయంటే దెబ్బకి 0.2 గ్రాము ఖర్చు. అరవై వచ్చే రివాల్వర్‌లో నలభైకే అయిపోతుంటే ఎక్కడో వృథా ఉంది.

మన ప్రాంతంలో ఈ గ్యాస్‌కి ఎండ పెద్ద సమస్య. సీవోటూ ఒత్తిడి 10 డిగ్రీల దగ్గర 45 బార్, 20 దగ్గర 57, 30 దగ్గర 72. దగ్గరదగ్గర 900 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో డిసెంబరు పొద్దుట కాల్చిన రివాల్వరూ, బరంపురంలో మే మధ్యాహ్నం కాల్చిన రివాల్వరూ ఒకటే అయినా గుండు వేగం వేరు, తగిలే ఎత్తు వేరు. చలిలో గుండు కిందికి దిగుతుంది. మరీ వేడెక్కితే లోపలి ఒత్తిడికి హ్యామర్ వాల్వుని తెరవలేక దెబ్బ నీరసపడుతుంది, కొన్నిసార్లు అసలు పేలదు. పాడైందనుకుని విప్పకండి, నీడలో అరగంట ఉంచితే దారికొస్తుంది. క్యాప్సూళ్ళని ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, 50 డిగ్రీలు దాటితే ప్రమాదం. గబగబా ఆరూ కాల్చినా గ్యాస్ చల్లబడి వేగం పడిపోతుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య పది పదిహేను సెకన్లు ఇస్తే కొలత నిలకడగా ఉంటుంది.

వేగం కొలిచే యంత్రం లేకపోయినా సెల్‌ఫోన్ సరిపోతుంది. 10 మీటర్ల దూరాన గుడ్డలు కుక్కిన పెట్టెకి ముందువైపు గట్టి అట్ట బిగించండి. ఫోన్ మీ పక్కనే పెట్టి రికార్డు చేసి, గీతలు చూపించే ఆడియో యాప్‌లో పేలిన చప్పుడుకీ అట్ట చప్పుడుకీ మధ్య సమయం చూడండి. అట్ట చప్పుడు మీ దాకా రావడానికి పట్టే 0.029 సెకను తీసేయాలి. ఉదాహరణకి 0.112 వచ్చిందనుకోండి, తీసేస్తే 0.083. పదిని దాంతో భాగిస్తే సెకనుకి 120 మీటర్లు. ఇది దారి మొత్తం మీది సగటు, మూతి దగ్గర వేగం దీనికంటే కాస్త ఎక్కువ. రివాల్వర్ పెట్టె మీద రాసిన అంకెకి మరీ దూరంగా ఉంటే సీలూ వాల్వూ అనుమానించండి.

గురి పెట్టే కాగితం వెనక మట్టి బస్తాలు రెండు వరసలు పేర్చండి. బీబీ అయితే వాటికి ముందు పాత బొంతని వదులుగా వేలాడదీయండి. గుండు దాన్లో మునిగి కింద రాలిపోతుంది. అక్కడున్న ప్రతి ఒక్కరికీ కళ్ళజోడు ఉండాలి, చూస్తున్న పిల్లలకి కూడా. పని అయ్యాక మిగిలిన గ్యాస్‌ని బస్తాల వైపు చప్పుడు ఆగేదాకా ఖాళీగా కాల్చి, అప్పుడే మర నెమ్మదిగా వదులు చేయండి. సీసం ముట్టిన చేతులు కడుక్కోకుండా అన్నానికి కూర్చోవద్దు.

దారి ప్రయాణం గురించి గట్టిగా చెప్పాలి. ఇచ్ఛాపురం దాటాక గిరిసోల దగ్గర గానీ, సాలూరు నుంచి ఘాట్ ఎక్కి సుంకి దగ్గర గానీ తనిఖీలో సంచిలోంచి ఇది బయటపడితే, ఎదుటివాళ్ళకి కనిపించేది నిజం రివాల్వరే. నడుముకి పెట్టుకోవద్దు, ఫోటోలకి ఊపొద్దు. తాళం వేసిన పెట్టెలో, గ్యాస్ తీసేసి, గుళ్ళు వేరే సంచిలో, బిల్లు పెట్టె మూత లోపల అతికించి తీసుకెళ్ళండి. ఆపితే చెయ్యి పెట్టెలో పెట్టకుండా ముందు నోటితో చెప్పండి.

ఇక చివరి పరీక్ష. అరలకి 1 నుంచి 6 దాకా, షెల్లులకి కూడా 1 నుంచి 6 దాకా మార్కర్‌తో అంకెలు వేయండి. బల్ల మీద ఇసుక సంచికి చేతులు ఆనించి, 10 మీటర్ల నుంచి, చదును మూతి పెల్లెట్లతో ఒక్కో కాగితానికి ఆరు దెబ్బల చొప్పున అయిదు కాగితాలు కాల్చండి. ఏ రంధ్రం ఏ అరదో ప్రతి దెబ్బ తర్వాతా రాసుకోవాలి, విసుగైనా సరే. బాగా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య స్కేలుతో కొలిచి 4.5 మిల్లీమీటర్లు తీసేయండి. అంతర్జాతీయ 10 మీటర్ల పిస్టల్ కాగితం మీద నల్లటి వలయం 59.5 మిల్లీమీటర్లు. ఆరూ ఆ నలుపులో ఇమిడితే సరదా సాధనకి మంచి రివాల్వర్. పెల్లెట్ రకం మార్చితే రంధ్రాల గుంపు సగానికి తగ్గిన సందర్భాలుంటాయి, కాబట్టి కనీసం రెండు రకాలు చూడండి. గుంపు చిక్కగా ఉండి మొత్తంగా పక్కకి పడితే అది సైటు (గురి చూసే గుర్తు) సంగతి. గుండు ఎటు జరగాలో వెనక సైటుని అటే జరపండి.

అయిదు కాగితాల్లోనూ ఒకే అర దెబ్బ బయటికి పోతుంటే షెల్లులు మార్చి మళ్ళీ కాల్చండి. మూడో అరలో ఉన్న షెల్లుని అయిదులో పెడితే తప్పు దెబ్బ కూడా అయిదుకి పోయిందా, షెల్లు మార్చుకుంటే సరి. తప్పు మూడులోనే ఉండిపోయిందా, కాగితాలు బిల్లుతో కలిపి మడిచి రివాల్వర్‌ని వాపసు ఇచ్చేయండి.