చక్రాలు మార్చే ముందు తూకం వేయండి

కొత్త అల్లాయ్ వీల్స్ కొనేముందు ఇప్పుడున్న చక్రాన్ని టైరుతో సహా విప్పి తూచండి. ఇంట్లో ఒంటి బరువు చూసుకునే మెషిన్ చాలు: చక్రం పట్టుకుని ఒకసారి, ఒట్టి చేతులతో ఒకసారి నిలబడి తేడా రాసుకోండి. కొత్త సెట్టుకైతే రిమ్ము, టైరు బరువులు విడివిడిగా అడగండి.

విడివిడిగా ఎందుకంటే, చక్రం ముందుకు కదలడమే కాదు, తిరగాలి కూడా. బరువు ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే దాన్ని తిప్పడానికి అంత శక్తి కావాలి. పికప్ (కారు వేగం పుంజుకోవడం) విషయంలో ట్రెడ్ (టైరు రోడ్డును తాకే భాగం) దగ్గరి కిలో, కారులో పెట్టిన దాదాపు 2 కిలోలతో సమానం. హబ్ (చక్రాన్ని బిగించే మధ్యభాగం) దగ్గరి కిలో మాత్రం ఇంచుమించు కిలోయే. తేలికైన రిమ్ముకు బరువైన టైరు తొడిగితే లాభమంతా అక్కడే హరించుకుపోతుంది.

అలాగని అద్భుతాలు ఆశించొద్దు. 1200 కిలోల కారుకు చక్రానికి 2 కిలోల చొప్పున తగ్గినా, పికప్‌పై ప్రభావం 16 కిలోలు దించినదాన్ని మించదు, అంటే సుమారు 1.3 శాతం. అసలు తేడా తెలిసేది గతుకుల మీద. స్ప్రింగుల కింది బరువు (చక్రాలు, బ్రేకుల వంటివి) తగ్గితే టైరు రోడ్డును అంత తేలిగ్గా వదలదు, మలుపులో పట్టు నిలుస్తుంది.

రిమ్మును 16 అంగుళాల నుంచి 17కు పెంచుతుంటే ఇది చూడండి: 205/55 ఆర్16 (16 అంగుళాల రిమ్ము) టైరు బయటి వ్యాసం 632 మి.మీ., 225/45 ఆర్17ది 634. వ్యాసం దాదాపు ఒకటే కాబట్టి స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు గానీ బరువు సాధారణంగా పెరుగుతుంది. టైరు మోయగల బరువును చెప్పే అంకె, అంటే లోడ్ ఇండెక్స్, తగ్గించకండి (91 అంటే టైరుకు 615 కిలోలు). రిమ్ము మధ్య రంధ్రం హబ్ కన్నా పెద్దదై, ఆ ఖాళీని పూడ్చే సెంటరింగ్ రింగ్ వేయకపోతే స్టీరింగ్ వణకొచ్చు. నట్లను టార్క్ రెంచ్‌తో (నిర్ణీత బలంతో బిగించే పానా) ఎదురెదురుగా బిగించి, 50–100 కి.మీ. తిరిగాక మళ్లీ చూడండి.