ఆవిరి పద్ధతిలో ప్రమాదకర వ్యర్థజలాల శుద్ధి – 4వ పాఠం: ఎమ్ఈఈకి ముందు ఒక లీటరు

గత పాఠం స్ట్రిప్పర్ దగ్గర, అంటే తేలిగ్గా మరిగే ద్రావకాలను ముందే ఆవిరిగా లాగేసే గోపురం దగ్గర ఆగింది. 56 డిగ్రీలకు మరిగే అసిటోన్, 64.7కి మరిగే మెథనాల్ అక్కడే పైకి లేచిపోతాయి. నీళ్లకంటే ఎక్కువ వేడికి మరిగే డీఎంఎఫ్, డీఎంఎస్ఓ ద్రావకాలు మాత్రం కదలవు. ఉప్పుతో పాటు అడుగునే ఉండి మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్‌లోకి, అంటే ఎమ్ఈఈలోకి దిగుతాయి. పటాన్‌చెరులోనైనా పరవాడలోనైనా బల్క్‌డ్రగ్ యూనిట్‌లో ఎమ్ఈఈ మొరాయిస్తే తప్పు చాలాసార్లు యంత్రానిది కాదు, చూడకుండా ఫీడ్ (లోపలికి పంపే వ్యర్థజలం) ట్యాంకులోకి వదిలిన బ్యాచ్‌ది. అందుకే ఈ పాఠమంతా ఫ్లాస్కు దగ్గరే.

ముందు, అసలు వేడి చేయకూడనివి. సయనైడ్ ఉన్న నీళ్ల పీహెచ్ 9 కిందికి దిగితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు లేస్తుంది. సల్ఫైడ్‌కు ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్. రక్తపోటుకు ఇచ్చే సార్టాన్ మందుల తయారీలో వాడే సోడియం అజైడ్ వీటన్నిటికంటే మొండిది: ఆమ్లంతో హైడ్రజోయిక్ ఆమ్లమవుతుంది, అది 37 డిగ్రీల దగ్గరే ఆవిరై కండెన్సర్‌లో చేరి పేలగలదు. ఇవి ఉన్న మదర్ లిక్కర్‌ను (స్ఫటికాలు తీశాక మిగిలే ద్రవాన్ని) విడిగా పట్టి విడిగానే నిర్వీర్యం చేయాలి. నైట్రేటు, సేంద్రియాలు కలిసి ఉంటే తడిగా ఉన్నంతసేపు ఊరుకుంటాయి, ఎమ్ఈఈ తర్వాత ఉప్పును ఎండబెట్టే ఏటీఎఫ్‌డీలో (అజిటేటెడ్ థిన్ ఫిల్మ్ డ్రయర్) ఎండాక అంటుకోవచ్చు.

ఇక పరీక్ష. ట్యాంకు పైన ముంచి తెచ్చిన నమూనా పనికిరాదు. సర్క్యులేషన్ పంపు అరగంట తిప్పాక పట్టండి. పీహెచ్ 7కు తెచ్చి, వడకట్టి, 1 లీటరు కొలిచి 2 లీటర్ల గుండు ఫ్లాస్కులో పోయండి. సగం ఖాళీ నురగ కోసం. ఫ్యూమ్ హుడ్‌లోనే, వ్యాక్యూమ్ కింద, 60 డిగ్రీల దగ్గర మరిగించాలి.

60 డిగ్రీలకు నీళ్లు మరగాలంటే లోపల సుమారు 150 మి.మీ. పాదరస పీడనం ఉండాలి. సముద్రమట్టానికి దగ్గరున్న పరవాడలో అంటే వ్యాక్యూమ్ గేజి 610 చూపాలి. పటాన్‌చెరు అర కిలోమీటరు ఎత్తున ఉంది, బయటి గాలి పీడనమే 715 దగ్గర ఉంటుంది, కాబట్టి అక్కడ 565 చూపితే అదే స్థితి. ఇది తెలియక వ్యాక్యూమ్ రావట్లేదని పంపు విప్పేసేవాళ్లున్నారు.

కండెన్సేట్‌ను 100 మి.లీ. చొప్పున వేరువేరు సీసాల్లో పట్టి, ప్రతిదానికీ పీహెచ్, కండక్టివిటీ, సీఓడీ (సేంద్రియాలు ఎంతున్నాయో చెప్పే కొలత) చూడండి. మొదటి రెండు సీసాల్లోనే సీఓడీ ఎక్కువుంటే స్ట్రిప్పర్ పని సగంలో ఆగిందన్నమాట. కండక్టివిటీ పెరిగితే, ఒక చుక్క నైట్రిక్ ఆమ్లం, ఆపైన రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. పాలు విరిగినట్టు తెల్లబడితే నురగ ఉప్పును మోసుకొచ్చింది: యాంటీఫోమ్ వేయాలి, లేదా ఫీడ్ తగ్గించాలి. తేటగానే ఉండి పీహెచ్ 9 దాటితే అది అమ్మోనియా. ఫీడ్ పీహెచ్‌ను 6 దగ్గరికి దించండి. మరీ దించితే ఎసిటిక్ ఆమ్లం పైకి లేస్తుంది, క్లోరైడు ఎస్ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలు) గొట్టాలకు గుంటలు పెడుతుంది.

ఈలోగా కన్ను ఫ్లాస్కు మీద ఉండాలి. లీటరుకు 40 గ్రాముల ఉప్పు, అదీ సోడియం క్లోరైడే అయితే, 110 మి.లీ. నీళ్లు మిగిలేదాకా స్ఫటికాలు కనబడవు. సగం నీళ్లుండగానే గోడకు తెల్లటి పొర కడితే కాల్షియాన్ని అనుమానించండి. పొరను గీకి తీసి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. బుసబుస పొంగితే కార్బొనేటు, యాసిడ్ వాష్‌కు పోతుంది. పొంగకపోతే సల్ఫేటు కావచ్చు. వేడెక్కేకొద్దీ దాని కరుగుదల తగ్గుతుంది కనుక గొట్టంలో అన్నిటికంటే వేడిగా ఉన్నచోటే పేరుకుంటుంది, యాసిడ్‌కు లొంగదు. ఫీడ్‌కు ముందే సోడా యాష్ వేసి కాల్షియాన్ని దించేయడమే దారి.

100 మి.లీ. మిగలగానే ఆపండి. ఫ్లాస్కులో ఎండబెట్టవద్దు.

ఇప్పుడు లెక్క. 100 టన్నుల ఫీడ్, 4 శాతం ఉప్పు, అంటే 4 టన్నులు. స్ఫటికాలు మొదలయ్యేలోపే, 25 శాతం దగ్గర ఎమ్ఈఈ ఆపితే మిగిలేది 16 టన్నులు, ఆవిరైంది 84. ఒకదాని ఆవిరితో తర్వాతిది వేడెక్కే మూడు ఎఫెక్టుల్లో (దశల్లో) టన్ను స్టీమ్‌కు 2.5 టన్నుల నీళ్లు లేస్తాయనుకుంటే ఖర్చు 33.6 టన్నుల స్టీమ్. ఆ 16 టన్నులు ఏటీఎఫ్‌డీలో 10 శాతం తేమ ఉన్న 4.4 టన్నుల ఉప్పవుతుంది, లేచే నీళ్లు 11.6 టన్నులే. కానీ అక్కడ టన్ను నీళ్లకు 1.2 టన్నుల స్టీమ్ పట్టిందనుకోండి, దాదాపు 14 టన్నులు! ఆ ఖర్చు చూసే ఎమ్ఈఈలోనే ఇంకా చిక్కబరచాలన్న ఆశ పుడుతుంది, గొట్టాలు పూడేదీ అప్పుడే.

అభ్యాసం: 60 టన్నుల ఫీడ్, 5 శాతం ఉప్పు, లీటరు పరీక్షలో 135 మి.లీ. బదులు 450 మి.లీ. దగ్గరే తెల్లటి పొర. స్టీమ్ లెక్క వేసేముందు ఏం చేస్తారో రాయండి.